చేయి ముందు, తల తర్వాత

మే డే ప్రత్యేక సంపాదకీయం

కేసముద్రం మార్కెట్ యార్డులో రాశి పోసినాక మొదట కదిలేది చేయి. ఖరీదుదారు రాశి దగ్గర వంగుతాడు. మోచేతి దాకా లోపలికి దింపి అడుగు నుంచి పిడికెడు పైకి తీస్తాడు. పైన గలగలమన్నది అడుగున మెత్తబడి ఉంటే ఆ సంగతి కంటి కన్నా ముందు వేళ్ళకు తెలుస్తుంది. మిరపకాయను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నలుపుతాడు. అది పెళుసుగా విరిగిందా, తోలులా సాగిందా అన్నదాన్ని బట్టి ధర పైకో కిందికో పోతుంది. మక్కలైతే గింజను గోటితో నొక్కుతారు, పసుపు కొమ్మునైతే విరిచి చూస్తారు. దేశంలో 2016లో ఈ-నామ్ మొదలైనాక ధరలు కంప్యూటర్ తెర మీదికి ఎక్కాయి, తేమ కొలిచే మిషన్లూ వచ్చాయి. మిషన్ చూపిన అంకె మీద నమ్మకం కుదరనప్పుడు రైతు చేసేది మాత్రం మారలేదు. తానే పిడికెడు తీసి అవతలి మనిషి అరచేతిలో పోసి, "నువ్వే పట్టి చూడు" అంటాడు.

ఆ అరచేతి గురించి ఈ మే డే నాడు రాయాలనిపించింది. మామూలుగా ఈ రోజు పని గంటల గురించి, కూలి రేట్ల గురించి రాస్తాం, రాయాలి కూడా. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పని దినం కోసం వీధుల్లోకి వచ్చారు. 1923లో మద్రాసులో సింగారవేలు చెట్టియార్ మన దేశంలో మొదటిసారి మే డే జెండా ఎగరేశారు. ఈ సంవత్సరం దానికి ఇంకో లెక్క తోడైంది. ఫ్రెడరిక్ ఎంగెల్స్ 1876లో ఒక చిన్న వ్యాసం రాసి, పూర్తిచేయకుండా పక్కన పెట్టాడు. ఆయన పోయిన మరుసటి ఏడు, 1896లో, అది అచ్చయింది. వానరుడు మానవుడు కావడంలో శ్రమ పాత్ర ఏమిటన్నది దాని విషయం. చేయి పని చేసే సాధనం, ఆ చేతిని తయారుచేసింది కూడా పనే అన్నది దాని సారం. ఆ మాట రాసి ఇప్పటికి నూట యాభై ఏళ్ళు. అందులో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని చూసుకోవడానికి మార్కెట్ యార్డు గేటు కన్నా మంచి చోటు లేదని నా నమ్మకం.

ముందు ఒక పని చేయండి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని గట్టిగా పట్టుకుని కుడి చేతి వేళ్ళు ఆడించండి. వేళ్ళు ఇక్కడ ఆడుతుంటే కండ అక్కడ కదులుతుంది. వేళ్ళను ముడిచే కండ ఒక్కటీ వేళ్ళలో లేదు. బలమంతా ముంజేతిలో, అరచేతిలో ఉంది; అక్కడి నుంచి దారాల్లాంటి స్నాయువులు మణికట్టు దాటి వేలి కణుపులకు వచ్చి పట్టుకున్నాయి. తోలుబొమ్మ ఆడించేవాడు తెర వెనక ఉన్నట్టు. అందుకే వేలు సన్నగా ఉండగలిగింది, సన్నగా ఉండీ యాభై కిలోల బస్తా అంచును పట్టి లేపగలుగుతోంది. ఒక్క చేతిలో ఎముకలు 27: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. ఒంట్లో ఉన్న మొత్తం 206 ఎముకల్లో రెండు చేతులవే 54, అంటే నాలుగో వంతుకు పైన.

1956లో జాన్ నేపియర్ అనే బ్రిటిష్ వైద్యుడు చేతి పట్టు ఎన్ని రకాలో తేల్చాలనుకున్నాడు. అన్నీ చూసి, మూలంలో ఉన్నవి రెండే అన్నాడు. ఒకటి బలమైన పట్టు: వస్తువు అరచేతికి ఆనుకుంటుంది, వేళ్ళు చుట్టుకుంటాయి, బొటనవేలు పైనుంచి గొళ్ళెం పెడుతుంది. రెండోది నేర్పైన పట్టు: అరచేయి ఖాళీగా ఉంటుంది, వస్తువు బొటనవేలి కొసకూ మిగతా వేళ్ళ కొసలకూ నడుమ నిలుస్తుంది. ఈ సంగతి మన ఊళ్ళ ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాటు వేసేటప్పుడు ఎడమ చేతిలో నారు కట్ట బలమైన పట్టులో ఉంటుంది, కుడి చేతి మూడు వేళ్ళ కొసల్లో రెండు మూడు మొక్కలు నేర్పైన పట్టులో ఉంటాయి. ఆ వేళ్ళు బురదలోకి దిగి, వేరు విరగకుండా మొక్కను నిలబెట్టి వస్తాయి. ఇది పొద్దంతా, వంగిన నడుముతో, చేతి వైపు చూడకుండా జరిగే పని. పత్తి ఏరేటప్పుడు ఎండిన కాయ అంచులు ముళ్ళలా ఉంటాయి. వాటిని తప్పించి లోపలి దూదిని మాత్రమే పట్టి లాగాలి. ఆకు ముక్క అంటితే ధర తగ్గుతుంది. యార్డులో హమాలీ కొక్కెం పట్టి బస్తా లాగేది మొదటి పట్టు, అదే మనిషి దబ్బనంలో సుతిలి ఎక్కించేది రెండో పట్టు. ఒకే చేయి, రెండు నిమిషాల తేడాలో.

తెలుగు ఈ రెండు పట్లనూ కొలతలుగా మార్చుకుంది. చిటికెడు నేర్పైన పట్టు. పిడికెడు, గుప్పెడు బలమైన పట్టు. అరచేయి గుంట చేస్తే పుడిసెడు నీళ్ళు, చారెడు గింజలు. రెండు చేతులూ కలిపితే దోసెడు. నాలుగు వేళ్ళు అడ్డంగా పెడితే బెత్తెడు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసకు జానెడు. మోచేతి నుంచి నడిమి వేలి కొసకు మూరెడు, చేతులు రెండూ చాపితే బారెడు. పూల దుకాణంలో మూర ఇప్పటికీ చెల్లుతుంది. అమ్మ కూరలో ఉప్పు వేసేది ఇప్పటికీ చిటికెడుతోనే, ఏ గ్రాములతోనూ కాదు. ఇంకో ముచ్చట ఉంది. మన భాషలో అవయవం పేరు చేయి, పని చెప్పే మాట కూడా చేయి. భాషాశాస్త్రం ఈ రెంటినీ వేర్వేరు మూలాలుగానే లెక్కపెడుతుంది. తమిళంలో ఒకటి కై, ఇంకొకటి చెయ్. ధ్వనులు మారుతూ వచ్చి తెలుగు నోట్లో రెండూ ఒకే పలుకయ్యాయి. దీన్ని యాదృచ్ఛికమనే చెప్పాలి. అయినా "ఈ పని చేయి" అన్నప్పుడల్లా నాకు అవయవం కూడా వినిపిస్తుంది.

ఇక చేయి ఎట్లా వచ్చిందన్న కథ. ఐదు వేళ్ళు మనిషి సొత్తు కాదు. దాదాపు 37 కోట్ల ఏళ్ళ నాడు నీళ్ళ నుంచి నేల వైపు జరుగుతున్న జీవుల రెక్కల్లోనే మణికట్టు లాంటి ఎముకలు కనిపిస్తాయి. కెనడా ఉత్తర కొసన 2004లో దొరికిన టిక్టాలిక్ అనే చేప శిలాజం అటువంటిది. ఆ తర్వాతి కాలపు అకాంతోస్టెగాకు ముందు కాలికి ఎనిమిది వేళ్ళు. ఐదు అన్న లెక్క తర్వాత స్థిరపడింది. కప్ప, బల్లి, గబ్బిలం, మనిషి అందరూ ఆ మూసలోని వాళ్ళమే. చెట్ల మీద బతికిన మన పూర్వీకులకు గోళ్ళు చదునయ్యాయి, వేలి కొసలు మెత్తబడి వాటి మీద గీతలు వచ్చాయి, కొమ్మను చుట్టి పట్టుకునే గుణం వచ్చింది. ఈ మెట్లను త్వరగా దాటేస్తున్నాను, ఎందుకంటే అసలు తగాదా దీని తర్వాతది.

మనిషిని మనిషిగా చేసింది ముందు చేతులా, మెదడా? 1871లో డార్విన్ రెండు కాళ్ళ మీద నిలబడటం వల్ల చేతులు ఖాళీ అయ్యాయని రాశాడు. ఐదేళ్ళకు ఎంగెల్స్ ఇంకా గట్టిగా అన్నాడు: ముందు నిలబడ్డాడు, చేతులు విడుదలయ్యాయి, పని మొదలైంది, మెదడు ఆ వెనక పెరిగింది. చదువుకున్న లోకం దీన్ని ఒప్పుకోలేదు. మనిషి గొప్పతనం తలలో ఉంది కాబట్టి తలే ముందు పెరిగి ఉండాలని చాలామంది పండితులు గట్టిగా నమ్మారు. 1912లో ఇంగ్లాండులోని పిల్ట్‌డౌన్‌లో పెద్ద పుర్రె, వానరపు దవడ కలిసి దొరికాయనగానే సంబరపడి ఒప్పుకున్నారు. వాళ్ళకు కావలసింది సరిగ్గా అదే. 1924లో దక్షిణాఫ్రికాలోని తౌంగ్‌లో చిన్న పుర్రె ఒకటి దొరికింది. మెదడు చిన్నది, కానీ వెన్నుపాము పుర్రెలోకి వచ్చే రంధ్రం అడుగున ఉంది, అంటే నిటారుగా నడిచిన జీవి. మరుసటి ఏడు రేమండ్ డార్ట్ దాన్ని మనిషి పూర్వీకుల్లో చేరుస్తూ రాస్తే ఇంగ్లాండు పెద్దలు తోసిపుచ్చారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆయన మాట చెల్లలేదు. 1953లో పిల్ట్‌డౌన్ గుట్టు బయటపడింది: మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ జతచేసి, పళ్ళు అరగదీసి, రంగు పూసిన మోసం అది. నలభై ఏళ్ళు ఒక అబద్ధం నిలిచిందంటే దాన్ని చేసినవాడి నేర్పు ఒక్కటే కారణం కాదు. తల పైది, చేయి కిందిది అన్న మనసు దాన్ని కాపాడింది.

ఆ తర్వాత సాక్ష్యాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీ వయసు దాదాపు 32 లక్షల ఏళ్ళు. ఆమె జాతి నిటారుగా నడిచింది, మెదడు మాత్రం చింపాంజీ మెదడు కన్నా పెద్దగా ఎక్కువేం కాదు. 1978లో టాంజానియాలోని లేటోలి దగ్గర మేరీ లీకీ బృందం అగ్నిపర్వతపు బూడిదలో అచ్చుపడిన అడుగులను వెలికితీసింది. దాదాపు 36 లక్షల ఏళ్ళ నాటి ఆ అడుగులు రెండు కాళ్ళవి. పక్కన చేతుల గుర్తు లేదు. నేల మీద ఆ చేతుల గుర్తు లేకపోవడమే మన కథకు మొదలు.

1960లో అదే టాంజానియాలోని ఓల్డువాయి లోయలో ఒక పిల్ల చేతి ఎముకలు దొరికాయి. వాటిని పరిశీలించింది పట్ల గురించి రాసిన ఆ నేపియరే. 1964లో లూయీ లీకీ, ఫిలిప్ టోబియాస్‌లతో కలిసి ఆ జాతికి హోమో హెబిలిస్ అని పేరు పెట్టాడు. చెయ్యి తిరిగిన మనిషి అని దాని అర్థం చెప్పుకోవచ్చు. మన ప్రజాతిలో ఒక జాతి పేరు ఇట్లా చేతి పనితనం మీద నిలిచింది. కెన్యాలోని లొమెక్వి దగ్గర 33 లక్షల ఏళ్ళ నాటి రాతి పనిముట్లు దొరికాయని 2015లో లోకానికి తెలిసింది. మన ప్రజాతిదిగా గుర్తుపట్టిన అతి పాత దవడ ఎముక వయసు 28 లక్షల ఏళ్ళు. అంటే ఇప్పటి లెక్క ప్రకారం మనిషి అని పిలవదగ్గ జీవి కన్నా అయిదు లక్షల ఏళ్ళ ముందే ఎవరో కూచుని రాయి మీద రాయి కొట్టారు.

రాయి కొట్టడం తేలిక కాదు. మన ఊళ్ళలో ఒడ్డెరలు కంకర కొట్టేటప్పుడు చూడండి. దెబ్బ ఒక్కటే, పడాల్సిన చోటు వేలెడు. ఆ దెబ్బ అదురు చేతిలోకి తిరిగి వస్తుంది. దాన్ని ఓర్చుకునే ఏర్పాటు నడిమి వేలి అరచేతి ఎముక మొదట్లో ఉంది. అక్కడ చిన్న మొన ఒకటి మణికట్టు ఎముకల్లోకి దిగి, గట్టి ఒత్తిడి పడినప్పుడు ఎముక జారకుండా ఆపుతుంది. వానరాలకు ఆ మొన లేదు. కెన్యాలోని కైతియో దగ్గర దొరికిన 14 లక్షల ఏళ్ళ నాటి ఎముకలో అది ఉంది. బొటనవేలి కొసను విడిగా ముడిచే బలమైన కండరం మనకుంది. చింపాంజీలో అది లేనట్టే. మన బొటనవేలు పొడుగు, మిగతా వేళ్ళు పొట్టి, అందువల్ల కొసకు కొస నిండుగా ఆనుతుంది. చిటికెడు అన్న మాట పుట్టగలిగింది ఈ పొందిక వల్లనే.

ఎంగెల్స్ చెప్పింది ఇంతవరకు నిలిచింది. నిలవనిదీ ఉంది, చెప్పుకోవాలి. పని చేసి చేసి గట్టిపడిన కండ పిల్లలకు వారసత్వంగా దిగుతుందని ఆయన కాలంలో చాలామంది అనుకున్నట్టే ఆయనా అనుకున్నాడు. అట్లా జరగదు. హమాలీ కొడుకు అరచేతి కాయలతో పుట్టడు. పుట్టుకతో కొద్దిగా మెరుగైన పట్టు ఉన్నవాళ్ళు ఎక్కువ తిన్నారు, ఎక్కువ బతికారు, వాళ్ళ సంతానం ఎక్కువైంది. ఆ తేడా లక్షల ఏళ్ళు పేరుకుని చేతిని మలిచింది. ఇంకో సవరణ మనకు కొంచెం వినయం నేర్పేది. మన చేయి వానరపు చేతి కన్నా ముందుకు పోయిన చేయి అనుకుంటాం. 2015లో సెర్గి ఆల్మెసిజా బృందం వేళ్ళ నిష్పత్తులు కొలిచి చూసింది. ఎక్కువ మారింది చింపాంజీ చేయి అని తేలింది. కొమ్మలకు వేలాడేందుకు వాటి వేళ్ళు పొడుగయ్యాయి. మన చేయి పాత పూర్వీకుడి చేతికి దగ్గరగా, పెద్దగా మారకుండా మిగిలింది. 2010లో కాంప్‌బెల్ రోలియన్, డేనియల్ లీబర్మన్ తదితరులు ఇంకొకటి చెప్పారు. చేతి వేళ్ళూ కాలి వేళ్ళూ ఒకే జన్యు పథకం కింద పెరుగుతాయి కనుక, నడకకు అనువుగా కాలి వేళ్ళు పొట్టివవుతూ బొటనవేలు పెరిగినప్పుడు చేతి వేళ్ళూ వాటి వెంట మారాయన్నారు. ఆ లెక్కన దబ్బనం పట్టే నేర్పులో కొంత భాగం కాలి నడక ఇచ్చిన కానుక. నాకిది చిన్నతనంగా అనిపించదు. మెలకువతో వేసిన పథకం ఏదీ లేకుండా, ఉన్నదాన్నే సర్దుకుంటూ ఇంత పనిముట్టు తయారైందంటే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలనిపిస్తుంది.

మన నేల మీద ఈ కథ ఎప్పుడో చేరింది. 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త నేల మీంచి ఒక చెక్కిన రాయి ఎత్తాడు. దేశంలో పాతరాతియుగం ఉందన్న సంగతి దానితో తెలిసింది. అదే ఏడు ఆయన చేరిన అత్తిరంపాక్కంలో శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్‌లు తర్వాత తవ్వకాలు జరిపారు. అక్కడి చేతిగొడ్డళ్ళు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో తేలింది. కైతియో ఎముక కాలం, ఈ గొడ్డళ్ళ కాలం దగ్గరదగ్గరే. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ళ కింద సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొర కనిపిస్తుంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లున్నాయి. ఆకాశం మసకబారిన తర్వాత కూడా చేతులు రాయి చెక్కుతూనే ఉన్నాయన్నమాట. మనకు దగ్గరలో భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్ట రాతి గోడల మీద ఎర్ర రంగు బొమ్మలున్నాయి. ఇక పాలంపేట గుడి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో ప్రపంచ వారసత్వంలో చేరింది. కట్టించిన సేనాని పేరు శాసనంలో ఉంది. జనం మాత్రం దాన్ని రామప్ప అంటారు, అది చెక్కిన శిల్పి పేరని చెప్పుకుంటారు. ఒక చేతిపనివాడి పేరుతో ఇంత గుడిని ఎనిమిది వందల ఏళ్ళ తర్వాతా పిలుచుకుంటున్న జనం మన జనం. ఇది తలచుకున్నప్పుడు గర్వంగా ఉంటుంది.

అదే జనంలో చేతికి ఇంకో చరిత్ర కూడా ఉంది. చెప్పు కుట్టిన చేయి, కుండ చేసిన చేయి, బట్ట ఉతికిన చేయి, నేసిన చేయి. అవి చేసిన వస్తువు ఇంట్లోకి వచ్చింది; చేసిన మనిషి గడప బయట నిలబడ్డాడు. పిల్ట్‌డౌన్‌ను నమ్మిన పండితుల పొరపాటు ఒక మ్యూజియం గదితో ఆగింది, మన పొరపాటు ఊరి కట్టుబాటయింది. వెట్టి కాలంలో చేతులు దొరవి, కడుపు మాత్రం తనది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పొలం పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు సంఘం వాళ్ళు కొడవళ్ళతో దిగి కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. నేపియర్ చెప్పిన బలమైన పట్టుకు నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. పాత వరంగల్ జిల్లాలోనే పుట్టిన కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. పశువులు కాయడం, తోలు ఊనడం, కుండ చేయడం, సాగు, నేత, చాకిరేవు, మంగలి పని: ఒక్కోదాని వెనక ఉన్న విజ్ఞానం ఏమిటో అందులో చెప్పారు. ఇప్పటికీ బడిలో మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడితో "నువ్వు చేతిపనికే పనికొస్తావ్" అనే పెద్దలున్నారు. తల తక్కువైతే చేయి అన్న లెక్క అది. మెదడులో కదలికలను నడిపే పట్టీ మీద చేతికీ ముఖానికీ ఉన్నంత చోటు మిగతా ఒళ్ళంతటికీ కలిపినా లేదు. చేతిపని చేస్తున్నప్పుడు తల ఊరికే కూచుంటుందనుకోవడం శాస్త్రం తెలియకపోవడమే.

చేయి అంటే పట్టు ఒక్కటే కాదు, స్పర్శ కూడా. 2013లో స్వీడన్ పరిశోధకులు వేలి కొసతో నున్నని తలాన్నీ సన్నని ముడతలున్న తలాన్నీ పోల్చమన్నారు. 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతలను కూడా వేలు పసిగట్టింది. అది వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. రాశిలో చేయి పెట్టిన ఖరీదుదారుకు ఏం తెలుస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. స్పర్శ పోతే ఏమవుతుందో తెలిపినవాళ్ళు కుష్ఠు బాధితులు. వ్యాధి వేళ్ళను తినేస్తుందని జనం ఎంతోకాలం నమ్మారు. వెల్లూరు వైద్యకళాశాలలో 1940ల చివరి నుంచి పాల్ బ్రాండ్ అనే డాక్టరు ఆ చేతులను శ్రద్ధగా గమనించాడు. వేళ్ళు వాటంతట అవి రాలడం లేదు. స్పర్శ నరాలు చచ్చుబడటం వల్ల నొప్పి తెలియక, కాలిన చోటే మళ్ళీ కాలి, తెగిన చోటే మళ్ళీ తెగి, పుండ్లు ముదిరి వేళ్ళు పోతున్నాయి. ముడుచుకుపోయిన వేళ్ళకు పనిచేసే కండరం నుంచి స్నాయువు మళ్ళించి ఆయన మళ్ళీ పట్టు తెప్పించాడు. మన దగ్గర నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో ఆసుపత్రి పెట్టి అటువంటి మనుషులకు చోటిచ్చింది. చేయి బాగుపడ్డాక మనిషికి కావలసింది పని. అది ఇవ్వడానికి ఊరు వెనుకాడింది.

మిర్చి పనిలో స్పర్శ మెల్లగా మొద్దుబారుతుంది. కాయ ఏరేవాళ్ళ, తొడిమలు తీసేవాళ్ళ వేళ్ళు మండి, పగిలి, తోలు ఊడుతుంది. ఇంటికి వెళ్ళి పిల్లను ఎత్తుకోవాలన్నా, కన్ను తుడుచుకోవాలన్నా భయం. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రంగుకు పేరుపడ్డ కాయ అది. ఆ ఎర్రదనం ఏరినవాళ్ళ గోళ్ళ సందుల్లోనూ దిగి ఉంటుంది. నూనె రాసుకోవడం, గుడ్డ చుట్టుకోవడం తప్ప వాళ్ళకు వేరే రక్ష లేదు.

ఇక వేలిముద్ర. అది మన దేశంలోనే మొదలైన వ్యవహారం. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే కంపెనీ అధికారి రోడ్డు కంకర సరఫరాకు రాజ్యధర్ కోనాయి అనే గుత్తేదారుతో ఒప్పందం రాయించి, కాగితం వెనక అతని మొత్తం అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వచ్చింది. ఆ ముద్రలను వర్గాలుగా విడదీసే లెక్కను తయారుచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ మనవాళ్ళు. ఆ పద్ధతి మాత్రం ఎడ్వర్డ్ హెన్రీ అనే పై అధికారి పేరుతో లోకానికి తెలిసింది. చేసిన చేతులు ఒకరివి, పేరు మరొకరిది. మన ఊళ్ళలో నిశాని అన్న మాట చదువురానితనానికి గుర్తుగా మిగిలింది. అప్పు పత్రం మీద వేసిన బొటనవేలి ముద్ర ఎన్ని ఎకరాలు మింగిందో పెద్దవాళ్ళు చెబుతారు. ఏకలవ్యుణ్ణి గురువు అడిగింది కూడా సరిగ్గా ఆ వేలినే.

ఇప్పుడు రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర మిషన్ మీద వేలు పెట్టాలి. నలభై ఏళ్ళు కలుపు తీసి, మిర్చి ఏరి, ఇటుక మోసి, కంకర ఎత్తిన వేలి మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ గుర్తుపట్టదు. ముసలమ్మ చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది, ఇంకో వేలు పెడుతుంది, వెనక లైను విసుక్కుంటుంది. పనే చేతిని మలిచిందని నూట యాభై ఏళ్ళ కింద రాశారు. ఆ పనే చేసినందుకు ఈ చేయి ఎవరిదో తెలియడం లేదని ఆ ముసలమ్మను తిప్పి పంపడం నేను తట్టుకోలేని విషయం. కంటిపాప గుర్తింపు ఉంది, ఫోనుకు వచ్చే ఓటీపీ ఉంది. ఆ దారులను అడిగినవాళ్ళకే కాదు, వేలు ఒకసారి తప్పిన వెంటనే అక్కడికక్కడే తెరవాలి. తెరిచి చూపించడం కౌంటరు వెనక ఉన్నవాళ్ళ బాధ్యత కావాలి.

చేతుల విలువ ఎంతో ఈ ఊరు ఈ మధ్యనే చూసింది. 2024 ఆగస్టు ఆఖరి రాత్రి కురిసిన వానకు, సెప్టెంబరు 1 నాటికి ఇంటికన్నెకూ కేసముద్రానికీ నడుమ రైలు కట్ట కొట్టుకుపోయింది. కింద మట్టీ కంకరా లేక పట్టాలు గాలిలో వేలాడాయి. కాజీపేట, విజయవాడ మీదుగా ఢిల్లీని మద్రాసుతో కలిపే దారి అది. బండ్లు ఎక్కడివక్కడ ఆగాయి. పెద్ద మిషన్లు వచ్చి మట్టి పోశాయి, నిజమే. దాని తర్వాత వందల మంది కార్మికులు బురదలో నిలబడి, ఇసుక బస్తాలు చేతులు మార్చుకుంటూ, పట్టా కింద కంకర కూరుతూ, గడ్డపారలతో పట్టాను సరిచేశారు. కొద్ది రోజుల్లోనే బండి నడిచింది. కిటికీ దగ్గర కూచున్న ప్రయాణికుడికి ఆ చోటు ఎక్కడో కూడా తెలియకుండా ఇవాళ బండి దాటిపోతోంది.

ఈ మే డే నాడు అడగదలచినవి పెద్దవి కావు. యార్డులో మిర్చి ముట్టుకునే ప్రతి మనిషికి చేతికి సరిపోయే తొడుగులు కావాలి. మగవాళ్ళ కొలతతో చేసినవి ఆడవాళ్ళ వేళ్ళకు వదులై ఊడిపోతాయి, కాబట్టి వాళ్ళ కొలతవీ ఉండాలి. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు కావాలి. నూర్పిడి మిషన్లలో, గడ్డి కోసే మిషన్లలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు పరిహారం బతిమాలితే వచ్చేది కాకూడదు. ఇది చదువుతున్నవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వేలు తెగి పడితే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని మంచు మీద ఉంచి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. వేలిని నేరుగా మంచులో పెట్టొద్దు. ఆరు గంటల లోపు చేరితే మళ్ళీ అతికించే అవకాశం బాగా ఉంటుంది. మన ఊళ్ళలో ఎన్ని వేళ్ళు ఈ నాలుగు మాటలు తెలియక పొలం గట్టునే మట్టిలో కలిశాయో.

మొన్న యార్డులో మక్కలు చెరుగుతున్న ఒక తల్లి తన పిల్లవాడిని పక్కన గోనెపట్టా మీద కూచోబెట్టింది. తొమ్మిది పది నెలలుంటాయి. పుట్టినప్పుడు పిల్లలకు వచ్చే పట్టు ఒక్కటే, పిడికిలి. వేలు అందిస్తే గట్టిగా చుట్టుకుంటారు. వీడి ముందు ఒక్క మక్క గింజ పడింది. ముందు అరచేయి మొత్తం వేసి చరిచాడు, గింజ జారింది. మళ్ళీ చరిచాడు, మళ్ళీ జారింది. కాసేపు దాని వైపే చూస్తూ ఆగాడు. తర్వాత మిగతా మూడు వేళ్ళూ ముడిచి, చూపుడువేలు ఒక్కటీ చాపి గింజను అదిమి, బొటనవేలిని మెల్లగా దానికి ఎదురు తెచ్చి, ఎత్తాడు. ఎత్తి వెలుతురులో తిప్పి చూసుకున్నాడు. అది నోటి దాకా పోకముందే తల్లి చాట అక్కడే పడేసి ఉరికింది.